నార్వే నిధి, నెదర్లాండ్స్ నిధి, మా అరవై ఒక్క మంది

2016 జూన్ 13, సోమవారం ఉదయం పదిన్నరకు మా ఛైర్మన్‌గారు ఏలూరు కార్యాలయంలో నా బల్ల దగ్గరికి స్వయంగా వచ్చి ఆ పని అప్పగించారు. నార్వే, నెదర్లాండ్స్ దేశాల పింఛను నిధులు గత పదేళ్లలో ఎంతెంత పెరిగాయో పోల్చి, జూలై సమావేశానికి ఒక పేజీలో ఇమ్మన్నారు. మాది మిషనరీల కాలంలో మొదలైన పాఠశాలల ట్రస్టు. ఉపాధ్యాయులు, హాస్టల్ సిబ్బంది జీతాల్లోంచి కట్టిన చందాతో, యాజమాన్యం వాటాతో నడిచే సొంత పింఛను నిధి ఉండేది. నేను దాని కార్యదర్శిని. లెక్క చెప్పడం నా పని, ఓటు ట్రస్టీలది. పింఛను తీసుకునేవారు అప్పటికి అరవై ఒక్క మంది.

ఆ రెండు దేశాలే ఎందుకంటే, అంతకుముందు చలికాలంలో రెండు చోట్ల నుంచీ అతిథులు వచ్చి, భోజనాల దగ్గర ఎవరి నిధిని వారు పొగిడి వెళ్లారు. మన నిధి బ్యాంకు డిపాజిట్లలో, ప్రభుత్వ బాండ్లలో పడి నిద్రపోతోందని మా ట్రస్టీలకు దిగులు పట్టుకుంది.

ఆ నెల రోజులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. ఉదయం ప్యాసింజర్‌లో ఆ దేశాల వార్షిక నివేదికలు ఒళ్లో పెట్టుకుని చదివేదాన్ని. రోజూ ఎదురుగా కూర్చునే ఉల్లిపాయల కొట్టావిడ, "పరీక్షలేంటండీ మేడంగారూ? ఈ వయసులో పాసైతే ఎవరికి చెప్పుకుంటారండీ?" అనేది.

మొదట కరెన్సీ అడ్డొచ్చింది. నార్వే లెక్క క్రోనర్లలో, నెదర్లాండ్స్‌ది యూరోలలో. నార్వే నిధి పెట్టుబడులన్నీ దేశం బయటే ఉంటాయి కనుక, క్రోనర్ విలువ తగ్గిన ఏడాది ఆస్తులు కదలకపోయినా నిధి ఉబ్బినట్టు కనిపిస్తుంది. అది సరిచేశాక అసలు చిక్కు బయటపడింది. నెదర్లాండ్స్ నిధులు ఉద్యోగుల దగ్గర చందా తీసుకుని, ముసలివారికి నెలనెలా పింఛను చెల్లిస్తాయి. నార్వే నిధికి పేరులో పింఛను ఉందిగాని, అందులోకి వచ్చేది చమురు సొమ్ము. ప్రభుత్వం తన బడ్జెట్‌కు కొంత తీసుకుంటుంది తప్ప, అందులోంచి ఎవరింటికీ నేరుగా పింఛను వెళ్లదు. పెట్టుబడి మీద వచ్చే రాబడి వేరు, నిధి మొత్తం పెరగడం వేరు. గ్రాఫులో రెండు గీతలు గీసి, వాటికి పైనే ఆ సంగతి రాశాను.

సమావేశంలో ట్రస్టీ సుబ్బరాజుగారికి అర్థం కావాలని ఇంకోలా చెప్పాను. ఆయన మా పూర్వ విద్యార్థి, మండవల్లి దగ్గర చేపల చెరువులున్న మనిషి. వచ్చినప్పుడల్లా ఐసు పెట్టెలో శీలావతి చేపలు తెచ్చి వంటగదిలో ఇచ్చేవారు. "ఒకటి నెలనెలా వల పడే చెరువండీ. రెండోదానికి కాలువ పారుతుంది, వల పడదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచకూడదు," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "అయితే మనమూ మూడేళ్లు వల తీసేద్దామండీ! వదిలేస్తే కిలో చేప రెండు కిలోలవ్వుద్ది కదండీ."

ఆయన ఉద్దేశం పింఛను ఆపడం కాదు. ధరలను బట్టి ఏటా కలిపే పెంపును మూడేళ్లు ఆపి, తర్వాత బకాయితో సహా ఇవ్వడం.

"తినాల్సినవాళ్లు డెబ్బై దాటారండీ," అన్నాను.

"మూడేళ్లే కదండీ అమ్మగారూ! ఆళ్లేమన్నా పారిపోతారా ఏంటండీ?"

అందరూ నవ్వారు. అయిదుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు కాదన్నారు. తీర్మానం నెగ్గింది.

తాడేపల్లిగూడెం బాలికల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన సంతోషమ్మగారికి ఈ కబురు నేనే చెప్పాను. అప్పటికి ఆమెకు డెబ్బై ఆరేళ్లు. మేడమీది గదిలో అద్దెకుండేవారు. మెట్లు దిగలేక చర్చికి వెళ్లడం కూడా మానేశారు.

"చేపయితే చెరువులో ఉంటే పెరుగుద్దండీ. నాకేం పెరుగుద్ది, మోకాళ్ల నొప్పులు తప్ప?" అన్నారు. "కింద వాటా ఖాళీ అయ్యిందండీ. అద్దె ఎక్కువైనా, పెంపు వస్తుంది కదా అని ఓనరుగారికి మాటిచ్చేశాను," అన్నారు.

తన పెంపు ఆపొద్దని ఆమె రాసిచ్చిన అర్జీని రెండు సమావేశాల్లో పెట్టాను. ఒక్కరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారన్నారు. సుబ్బరాజుగారు మాత్రం నన్ను బయటికి పిలిచి, ఎక్కువయ్యే అద్దె తాను కడతానని చెప్పమన్నారు. ఆ మాట చేరవేశాను.

"చేపలైతే పంపమనండీ, తింటాను. అద్దె నా పింఛనులోంచే కడతాను. దానికి ముప్పై నాలుగేళ్లు చందా కట్టానండీ నేను," అన్నారామె.

ఆయన నిజంగానే నెలనెలా పంపారు. ఆవిడ పులుసు పెట్టి, పైకి ఎక్కి వచ్చిన ప్రతివారికీ వడ్డించేవారు. నేనూ తిన్నాను. అలాంటి పులుసు మళ్లీ తినలేదు. రెండో ఏడాది వానాకాలంలో, ఆ మేడమీదే పోయారు.

2019 జూలైలో పెంపు మళ్లీ మొదలైంది. నిధి మునుపటికన్నా వేగంగా పెరిగిందని సుబ్బరాజుగారు సంతోషించారు. ఆ పెరుగుదలను నేను విడదీసి చూపించాను. పెట్టుబడుల మీద రాబడి పాత రేటుకే ఉంది. అంతకు మించి పెరిగినదంతా ఇవ్వని పెంపులూ, పోయినవారితో ఆగిపోయిన పింఛన్లూ. సుబ్బరాజుగారు ఆ కాగితం చాలాసేపు చూశారు.

ఆ ఏడాది చివర్లో నేనూ రిటైరయ్యాను. నిధి ఎంత పెరిగిందని ఎవరైనా చెబితే, ఎవరికి ఇవ్వకుండా పెరిగిందో ముందు అడగాలని ఆ పనిలో నేర్చుకున్నాను.

ఆ అరవై ఒక్క మందిలో యాభై ఇద్దరికి బకాయి అందింది. మిగతావారి వారసులకు ఇవ్వడానికి నిబంధన లేదు. అందకుండా పోయింది తొమ్మిది మందికి.