నసీమా ఇంటి ఇనుప మెట్లు

మంచిర్యాలలో వాగును ఆనుకుని ఉన్న కాలనీలో నసీమాది రెండు గదుల స్లాబు ఇల్లు. భర్త ఇబ్రాహీం వెల్డింగ్ పనివాడు. ఊళ్ళో సగం గేట్లు తన చేతి పనేనని చెప్పుకుంటాడు. ఇంట్లో అతని తల్లి రజియాబీ, తొమ్మిదో తరగతి చదివే కూతురు రుబీనా ఉంటారు. నసీమా బట్టలు కుడుతుంది. ఒకరి చేత మాట పడే మనిషి కాదని ఆమెకు కాలనీలో పేరు.

ఆ పేరుకు దెబ్బ తగిలింది మొదటిసారి వరద వచ్చినప్పుడు. గోదావరి పోటెత్తి వాగు నీళ్ళను వెనక్కి తన్నింది. తెల్లారేసరికి ఇంట్లో నడుముల్లోతు నీళ్ళు. కట్టుబట్టలతో బయటపడి బడిలో పెట్టిన శిబిరానికి చేరారు. రెండో రోజు లింగమూర్తి అనే స్థానిక నాయకుడు బియ్యం సంచులతో వచ్చాడు. సంచి ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస నసీమా చేత పట్టించి, "జర ఇటు చూడమ్మా, నవ్వు" అన్నాడు. రెండు రోజులుగా దువ్వెన పడని తల, ఎవరో ఇచ్చిన చున్నీ. నవ్వు రాకపోయినా ఆమె సంచి వదల్లేదు. అత్తమ్మ ఆకలితో ఉంది మరి.

సాయంత్రానికి ఆ ఫోటో అందరి ఫోన్లలోకి చేరింది. బడి తెరిచాక క్లాసులో ఓ పిల్ల రుబీనాకు దాన్ని చూపించి, "మీ అమ్మీ ఫేమస్ అయిందే!" అని నవ్విందట. రుబీనా వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అడగ్గా అడగ్గా సంగతి చెప్పింది. నసీమా ఏడవలేదు. కుట్టుమిషను చక్రం చేత్తో ఆపి, "వరదను నేను ఆపలేను బిడ్డా. గా సంచి పట్టుకునుడు మాత్రం ఆపుత" అంది.

మర్నాటి నుంచే ఆమె పని మొదలైంది. ముందు కావలసింది డాబా మీదికి దారి. ఆ ఇంటికి మెట్లే లేవు.

"మందికి గేట్లు చేస్తవు, మనింటికి మెట్లు చెయ్యవా జీ?" అని అడిగింది భర్తను.

"చేస్త తియ్. ఏం తొందర, రేపే వస్తదా వరద?" అన్నాడు ఇబ్రాహీం. అట్లా నాలుగు నెలలు గడిచాయి. ఐదో నెలలో నసీమా రైల్వే గేటు దగ్గరున్న లక్ష్మణ్ వెల్డింగ్ షాపుకు పోయి, మెట్లు ఎన్ని రోజుల్లో చేస్తావని అడిగి వచ్చింది. వెల్డరు పెళ్ళాం ఇంకో వెల్డరు దగ్గరికి పోయిందన్న వార్త ఆమె ఇల్లు చేరేలోపే ఇబ్రాహీం చెవిన పడింది. ఆ రాత్రి అతను సరిగా అన్నం తినలేదు. రెండు రోజుల్లో గోడకు ఇనుప మెట్లు లేచాయి.

రజియాబీ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. అందుకని నసీమా ఒక ఇనుప కుర్చీ చేయించి, ఇబ్రాహీం షాపులో బరువులు ఎత్తే చైను కప్పీని స్లాబు అంచున బిగించమంది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ డాబా ఎక్కి తీరాలి. కుర్చీలో పైకి పోతూ రజియాబీ వాడకట్టంతా వినేలా అరిచేది.

"యా అల్లా! బాయిల బొక్కెన తోడినట్టు తోడుతుంది నా కోడలు! నీళ్ళు రావాలని దువా చేస్తున్నవానే?"

"వస్తే నిన్ను ముందు ఎక్కించనీకే అత్తమ్మా" అనేది కింద నిలబడ్డ నసీమా.

మిఠాయి దుకాణం వాళ్ళు పారేసిన నీలం డ్రమ్ములు నాలుగు తెచ్చి కడిగింది. పాత సైకిలు ట్యూబు కోసి మూతల చుట్టూ బిగించి, డాబా మీదికి చేర్చింది. ఒకదాంట్లో బియ్యం, పప్పు. ఒకదాంట్లో అటుకులు, పల్లీలు, బెల్లం, పాలపొడి. ఇంకోదాంట్లో ఎండబెట్టిన జొన్న రొట్టెలు, అగ్గిపెట్టెలు. నాలుగోది తాగేనీళ్ళకు. బురదనీళ్ళు తేరడానికి పటిక ముక్కలు కట్టి పెట్టింది. బొగ్గుల పొయ్యి ఒకటి, టార్పాలిన్ కింద బస్తా బొగ్గు. ఇంటి పట్టా, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంచులు కొవ్వొత్తి మంటకు అతికించింది. గోనెసంచుల్లో మట్టి పోసి గోంగూర, బచ్చలి వేసింది.

ఎదురింటి మంజుల ఇదంతా చూసి, "నసీమక్కా, ఇగ ఓడ గూడ కడ్తవా?" అని నవ్వేది.

"నీకు జాగ ఉంటది గని, నవ్వు" అనేది నసీమా.

మరుసటేడు వానాకాలంలో మళ్ళీ వచ్చాయి నీళ్ళు. పొద్దున ఆరింటికి కరెంటు పోయింది, ఆరున్నరకు గడప దాటి నీళ్ళు లోపలికి వచ్చాయి. రజియాబీ ఈసారి నోరెత్తకుండా కుర్చీలో కూర్చుంది. అందరూ పైకెక్కాక చూస్తే మెట్ల దగ్గర మంజుల, చంకన ఒక పిల్ల, చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడు, భుజాన ఒక సంచి. తలెత్తి చూడటానికి మొహం చెల్లడం లేదు.

"నిలబడ్డవేంది? ముందుగాల పిల్లల్ని అందియ్యి!" అని కసిరింది నసీమా.

మధ్యాహ్నానికి ఆ డాబా మీద ఏడు కుటుంబాలు, ఇరవయ్యారు మంది. నలుగురికి పన్నెండు రోజులు వస్తుందనుకున్న సరుకు రెండు రోజులకు కూడా చాలదని ఆమెకు డ్రమ్ము మూత తీయగానే అర్థమైంది. అయినా వానకు అడ్డంగా టార్పాలిన్ కట్టించి, పొయ్యి రాజేసి కిచిడీ పెట్టింది. అప్పుడు తెలిసింది, డ్రమ్ముల్లో అన్నీ ఉన్నాయి, ఉప్పు లేదు.

రజియాబీ ఏడాదిగా ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టు, "అన్నీ సర్దినవు, ఉప్పేదే?" అంది. అంత వానలోనూ అందరూ నవ్వారు. నసీమా కూడా నవ్వింది. మంజుల సంచిలో మామిడికాయ తొక్కు పచ్చడి జాడీ ఉంది. చప్పిడి కిచిడీలో ఆ తొక్కు కలుపుకుని తిన్నారు.

రెండో రోజు పొద్దున పడవ వచ్చింది. తెడ్డు వేసేది ఓ జాలరి. ముందర లింగమూర్తి, పక్కన ప్యాకెట్లు, చేతిలో ఫోను.

"ఒక్కొక్కలు వచ్చి తీస్కోండ్రి. ఇటు చూడాలె" అన్నాడు.

"సామాను ఇయ్యన్నా, తీస్కుంటం. ఫోటో మాత్రం వద్దు" అంది నసీమా.

"గట్లెట్ల? ఇచ్చిన్నని పైవాళ్ళకు చూపియ్యాలె గద."

"నీళ్ళు చూపియ్యి. ఇండ్లు మునిగినయి, అవి చూపియ్యి. మా మొఖాలెందుకు?"

లింగమూర్తి ముఖం ఎర్రబడింది. "ఫోటో లేకుంటే ప్యాకెట్ లేదు. పంతం నీది, ఆకలి వీళ్ళది. ఆలోచించుకో" అన్నాడు.

ఆ మాట నసీమాకు సూటిగా తగిలింది. వెనక ఇరవయ్యారు కడుపులున్నాయి. ఒక్క క్షణం తల దించుకుంది. తర్వాత పడవకు వీపు తిప్పి నిలబడింది. రుబీనా వచ్చి తల్లి పక్కన అట్లాగే నిలబడింది. మంజుల పిల్లను భుజం మీద వేసుకుని తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. కుర్చీలో కూర్చున్న రజియాబీ, "నన్ను గూడ తిప్పండే!" అని అరిస్తే ఇబ్రాహీం కుర్చీతో సహా తిప్పాడు.

పక్కింటి బక్కయ్య ఒక్కడు తిరగలేదు. ముసలాయన బీపీ గోలీలు నీళ్ళలో పోయాయి. ఆయన అంచుకు వచ్చి ఫోటో దిగి, గోలీల సంగతి చెప్పి, ప్యాకెట్ తీసుకున్నాడు. ఎవరో గొణగబోతే నసీమా ఊరుకోలేదు. "పెద్దాయన అవుసరం పెద్దాయనది. ఆయన్ని ఎవ్వలేమన్నా నాతోని మాట పడ్తరు!"

జాలరి తెడ్డు పక్కన పెట్టాడు. "సారూ, వీపులు తీస్కుంటవో, ఏం తీస్కుంటవో తీస్కో. నేనైతే గీ మూటలు మళ్ల మోసుకపోను" అంటూ ఒక్కో ప్యాకెట్టే మెట్ల మీద పెట్టసాగాడు. లింగమూర్తి ఫోను జేబులో వేసుకున్నాడు. సాయంత్రం జాలరి ఒక్కడే మళ్ళీ వచ్చి, బక్కయ్య గోలీలు ఇచ్చిపోయాడు.

నాలుగో రోజుకు నీళ్ళు తీశాయి. ఇంట్లో మోకాలెత్తు బురద, ఉబ్బిన మంచం, పాడైన ఫ్రిజ్జు, పెచ్చులూడిన గోడలు. నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి ఇంటింటికీ తిరుగుతూ వచ్చాడు. నసీమా గడపలో నిలబడి పార పట్టి బురద తోడుతోంది.

"మీరు మంచిగ తయారయి ఉన్నరంట గదమ్మా. మీకు నష్టమేం లేదని చెప్పిండ్రు" అని పేరు పక్కన గీత గీయబోయాడు.

"ఎవ్వలు చెప్పిండ్రు సారూ? తయారయి ఉంటే గోడలు తడవయా? మంచం ఈత కొడ్తదా?" నసీమా పార గోడకు ఆనించింది. "బియ్యం ఎవ్వల్నీ అడగలే, అడగను. నష్టం మాత్రం పైసా ఇడువ. లోపలికి రా, చూసి రాయి."

"బురద ఉందమ్మా..."

"మాకూ ఉంది సారూ."

ఆయన చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి లోపలికి వచ్చాడు. మంచం రాశాడు, ఫ్రిజ్జు రాశాడు, రెండు గోడలు రాశాడు. కుట్టుమిషను దగ్గర ఆగి, ఇది నడుస్తుందేమో అన్నాడు. నసీమా చక్రం తిప్పి చూపించింది. అది తిరగలేదు. అదీ రాశాడు.