భాయ్ చెప్పిన కెనడా సీరియల్

ఆ ఏడాది ఖతర్‌లో అందరూ ఫుట్‌బాల్ కోసం ఎదురుచూస్తుంటే, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో మా గదివాళ్ళం మాత్రం ఒక కెనడా సీరియల్ కోసం ఎదురుచూశాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ప్రపంచకప్పు దగ్గర పడుతోందని కంపెనీ మమ్మల్ని రోడ్ల పనిలో ఉరుకులు పరుగులు పెట్టిస్తోంది. ఏ స్తంభం చూసినా జెండాలే. జెండాలతో నాకేం పని? మంచు కురిసే ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం ఈసారైనా కలుస్తారా లేదా అన్నదే నా బెంగ.

ఆ సీరియల్ మాకు తెచ్చిపెట్టింది మా గదిలోని హైదరాబాదు భాయ్. అల్ ఘర్రాఫాలో ఉండే ఒక కెనడా ఇంజనీరుకు ఆయన డ్రైవరు. ఆ ఇంజనీరు తన దేశపు సీరియళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయనకిచ్చాడు. రోజూ ఇంగ్లీషాయన్ని తిప్పేవాడికి ఇంగ్లీషు రాకుండా ఎలా ఉంటుంది? క్యాంపులో ఈ సంగతి ఎవరూ అడగలేదు. హిందీ ఫోర్‌మన్ల కింద పనిచేసి మాకు హిందీ రాలేదా, అరబ్బుల ఇళ్ళలో చేసినవాళ్ళకు అరబ్బీ రాలేదా, ఇదీ అంతే అనుకున్నాం.

శుక్రవారం డ్యూటీ ఉండదు. మధ్యాహ్నం తిన్నాక టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టేవాళ్ళం. తెర మీద వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, భాయ్ మంచం మీద బాసింపట్టు వేసుకుని తెలుగులో చెప్పేవాడు. నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నాడు పాపమని శుక్రవారం వంట వంతు ఆయనకు తీసేశాం. ఆయన వంతు చాలాసార్లు నేనే చేశాను.

కథ పెద్దదేం కాదు. సరస్సు ఒడ్డున చిన్న లాడ్జి నడుపుకునే ఒకామె. ఎక్కడో దూరాన గనిలో పనిచేసే ఒకాయన. ఎప్పుడో ఒకసారి వస్తాడు, పోట్లాడుకుంటారు, ఏడుస్తారు, మళ్ళీ వెళ్ళిపోతాడు. మొగుడూ పెళ్ళాం అన్నాడు భాయ్. ముద్దుల్లేవు, కౌగిలింతల్లేవు. ఇదేం ఇంగ్లీషు సీరియల్ అని ఒకడు గొణిగితే, "కెనడావాళ్ళకు తమీజ్ ఎక్కువుంటది మియా" అన్నాడు. అందరం తలలూపాం. ఎంత పద్ధతిగల మనుషులో అనుకున్నాను నేను.

ఈ కథ నాకు ఇంతగా ఎందుకు పట్టిందో చెప్పాలి. మా ఇల్లు జగిత్యాల దగ్గర పల్లె. నేనున్నది ఖతర్ అయినా మా ఊళ్ళో అందరికీ దుబాయే. పెళ్ళయి ఏళ్ళు గడిచాక ఫోన్లో నాకూ నా భార్యకూ మాటలు కరువయ్యాయి. వానలు, పిల్లల చదువు, ఎవరి పెళ్ళి, ఎవరి చావు. తర్వాత ఇద్దరం ఊరుకునేవాళ్ళం. అలాంటిది ఒక శుక్రవారం సాయంత్రం ఏం చెప్పాలో తోచక ఆ లాడ్జి ఆమె సంగతి చెప్పాను. "ఇంకేమైంది?" అంది. చాలా రోజుల తర్వాత నన్ను ఆమె అడిగిన ప్రశ్న అది. అప్పటినుంచి భాయ్ ఎలా చెబితే అలా, ఉప్పూ కారం కలపకుండా ఆమెకు అప్పజెప్పేవాణ్ణి.

ఒకసారి గని ఆయన పెళ్ళాంతో, "ఇక్కడ ఎంత చలి పెట్టినా, నువ్వు వడ్డించే అన్నం మీది ఆవిరి తలుచుకుంటే నా చేతులు వెచ్చబడతాయి" అన్నాడు. అన్నాడని భాయ్ చెప్పాడు. అదే మాట ఇంటికి మోశాను. నా భార్య మెల్లగా, "నీకు గూడ గట్లనే అనిపిస్తదా?" అంది. "ఆఁ" అన్నాను. కెనడాలో అన్నం వడ్డించేదెవరు అని నా బుర్రకు తట్టనే లేదు.

అక్కడితో ఆ సీజన్ అయిపోయింది. అక్కడి సీరియళ్ళకు కొత్త సీజన్లు వస్తున్నాయని, మన లాడ్జి కథ కూడా ముందుకు సాగుతుందని భాయ్ ఇంజనీరు నోటి మాటగా చెప్పాడు. ఇక చూడండి మా ఆత్రం. సైటులో రాడ్లు వంచుతూ కూడా అదే ముచ్చట. ఇంటినుంచి నా భార్య ఫోన్ ఎత్తగానే, "వచ్చిందా?" అనేది. నాకోసం కూడా అంత ఎదురుచూసిందో లేదో!

పెన్‌డ్రైవ్ ఇంకా రాకముందే ఒక రాత్రి తనే ఫోన్ చేసింది. నవ్వుతోంది.

"ఏందయ్యా, నీ లాడ్జి సీరియల్ నా ఫోన్ల తెలుగుల వచ్చింది. మొదటిసంది సూసిన. వాళ్ళు మొగుడు పెండ్లాలు గాదు, అన్న చెల్లె! తండ్రి లాడ్జి అమ్మాల్నా వద్దా అని కొట్లాట!"

"అన్న చెల్లెనా?" అన్నాను.

"అన్నం ముచ్చట గూడ లేదు అండ్ల" అంది. గొంతు తగ్గించింది. "నువ్వే కల్పించినవా? నా కోసం?"

"ఆగు, మళ్ళ జేస్త" అని పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. భాయ్ అప్పుడే అల్ ఘర్రాఫా నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. చొక్కా పట్టుకున్నంత పని చేశాను.

"నాకు ఇంగ్లీష్ ఎక్కడొస్తది అన్నా? రైట్ సార్, లెఫ్ట్ సార్, ఓకే సార్, గంతే" అన్నాడు, ఏ తడబాటూ లేకుండా. "మీరందరు నా దిక్కు సూస్తుంటే రాదని ఎట్ల చెప్పాలె? వారమంత స్టీరింగ్ పట్టుకొని సోంచాయించి, కథ అల్లి చెప్పిన. తిప్పల నాది. మంచిగ లేకుండెనా?"

మంచిగా లేదని ఎలా అనను? అదే నా మంట. చెవిలో పువ్వు పెట్టినవాడు కనీసం తల దించుకోవాలి కదా, ఈయన మెచ్చుకోమంటున్నాడు. అన్నదమ్ములకంటే ఎక్కువగా నమ్మాను. నా సంసారంలోకి వాణ్ణి చేయిపట్టుకుని తీసుకొచ్చినట్టయింది. ఇంత మోసమా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందరి ముందూ.

ఆ కోపంలోనే బయటికొచ్చి భార్యకు ఫోన్ కలిపాను. ఆమె మొదటి రింగుకే ఎత్తింది.

"నేను గాదు" అన్నాను. "గా భాయ్ గాడు మోసం జేసిండు. మొదటిసంది అన్ని వాడు పుట్టించినయే. నాకేం తెల్వదు."



"అన్నం ముచ్చట గూడనా?" అంది.

"అది గూడ వాడే."

నాతోపాటు ఆమె కూడా వాణ్ణి తిడుతుందని కాచుక్కూర్చున్నాను.

"ఆయనకు పెండ్లయిందా?" అని అడిగింది.

"అయింది."

"ఆమె అదృష్టమంతురాలు" అంది నా భార్య.