సోమవారం పలక

ఎమ్మిగనూరుకు కాపురం మార్చి రెండేళ్లు కావస్తోంది. ఇది అంతకు ముందు, ఆదోనిలో, నా కూతురు రెండో తరగతి చదువుతున్నప్పుడు జరిగింది. పాప నిద్రపోయాక ఈ సంగతి రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. రెండు వాక్యాలు రాసి కొట్టేసేదాన్ని. ఈ రాత్రి కొట్టేయకూడదనుకున్నాను.

మా వీధి బడిలో ఒకే గది, ఒకే అయ్యవారు. ఒకటో తరగతి కిటికీ పక్కన, రెండో తరగతి గోడ పక్కన కూర్చునేది. శనివారం ఒంటిపూట బడి వదిలే ముందు అయ్యవారు నల్లబల్ల మీద వారం పని రాసేవారు. పిల్లలు దాన్ని ఆదివారం పలక మీద రాసి, సోమవారం పట్టుకురావాలి. పలకకు చెక్క చట్రం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పైన గుడ్డ బిగించి కడితే రాత చెరగదు. బడికి పోయాక ఒక్కొక్కరు లేచి, గుడ్డ విప్పి, పలకను అయ్యవారి వైపు తిప్పి పట్టుకుని, తాము రాసింది చూడకుండా ఒప్పజెప్పాలి. విప్పేటప్పుడు కూడా తొంగి చూడకూడదు. చూస్తూ రాసుకొచ్చిన వాళ్లూ, ఇంకొకరితో రాయించుకున్న వాళ్లూ అక్కడే దొరికిపోయేవారు.

గుడ్డ కట్టడం నా పని. కట్టే ముందు ఒకసారి చూసేదాన్ని. మూడో ఎక్కంలో ఒక అంకె వంకరపోతే తుడిచి దిద్దేదాన్ని. పాపలాగే పెద్దగా, కుడి వైపుకు వాలేటట్టు రాయడం నాకు అలవాటైపోయింది. కర్నూలులో బి.ఏ. చదివి వచ్చినదాన్ని. ఆ చదువు ఆదోనిలో ఇంకెందుకూ పనికిరాలేదు. పాపకు నోటికి బాగానే వచ్చు, పలక మీదా తప్పులుండవు, అయ్యవారు మెచ్చుకునేవారు. ఇందులో మోసం ఏముందని అనుకునేదాన్ని.

అంతకు ముందు ఏడాది పాపకు ఇరవై రోజులు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం దాన్ని వదిలింది కానీ నన్ను వదల్లేదు. రోజుకు నాలుగుసార్లు దాని నుదురు పట్టుకుని చూసేదాన్ని. బడి వదిలే వేళకు గంట ముందే వాకిట్లో నిలబడేదాన్ని. పత్తి బండ్లు వరసగా జిన్నింగు మిల్లుకు పోతుంటే ఒక్కో బండి చక్రం కిందా నా బిడ్డే కనిపించేది. మా ఆయన ఆ మిల్లులోనే గుమాస్తా. సీజన్లో పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఆయనకు ఇదంతా తెలియదు. ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఒక శనివారం మొదటిసారిగా అయ్యవారు ఎక్కం ఇవ్వలేదు. ఇంట్లో ఎవరు ఏం చేస్తారో ఐదు వాక్యాలు రాసుకురమ్మన్నారు. ఆదివారం పాప గడప మీద కూర్చుని నాలుక బయటపెట్టి రాసింది. నేను దగ్గరికి పోతే పలకను గుండెకు ఆనించుకుంది.

"నువ్వు సూడొద్దు. ఇది నేనే రాస్తాండా," అంది.

సోమవారం పొద్దున పాప స్నానం చేస్తుండగా పలక తీశాను. ఐదు వాక్యాలు ఉన్నాయి.

మా నాన్న మిల్లుకు పోతాడు. మా అమ్మ అన్నం చేస్తుంది. మా అమ్మ వాకిట్లో నిలబడుతుంది. మా అమ్మ భయపడుతుంది. నేను అమ్మకు తోడు ఉంటాను.

ఒక్క తప్పు లేదు. ఆ గదిలో మా వీధి పిల్లలందరూ ఉంటారు, మధ్యాహ్నానికి ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు అన్నదొక్కటే నా తలకెక్కింది. తడిగుడ్డతో కింది మూడు వాక్యాలు తుడిచాను. మా అమ్మ బట్టలు ఉతుకుతుంది. మా అమ్మ పుస్తకాలు చదువుతుంది. నేను అమ్మకు సాయం చేస్తాను. వాలు అక్షరాలతో రాసి గుడ్డ బిగించాను. ఒప్పజెప్పడం ఎక్కాలకేనని, ఇలాంటి వాక్యాలను ఊరికే చూసి వదిలేస్తారని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం పాప కంటే ముందు పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చింది. వాళ్లు దూదేకులవాళ్లు. వాళ్లమ్మను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మా అరుగు మీదే కూర్చుని పరుపు గలీబు కుడుతోంది.

"సిన్నమ్మా, మీ పాప ఐవోరికి అబద్దం సెప్పింది. పలకలో ఒగటుంది, నోటితో ఇంగోటి సెప్పింది. ఎవురు రాసిచ్చినారంటే నేనే రాసినా అనింది. మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లూ నేనే అనింది."

"నువ్వేమన్నా తక్కువదానివా," అంది వాళ్లమ్మ, దారం కొరుకుతూ. "పోయిన వారం మీ అన్నతో రాయించుకోని పొయ్యి తన్నులు తినలేదా?"

"నేను ఒప్పుకున్న కదమ్మా. ఇది ఒప్పుకోలేదు. అందుకే వారం దినాలు ఒకటో తరగతిలో కూసోమన్నాడు."

"నోటితో ఏం సెప్పిందే?"

"వాళ్లమ్మకి బయమంట. అందురూ నగినారు."

అక్క సూది ఆపి నా వైపు చూసింది. తర్వాత తల వంచుకుని మళ్లీ కుట్టుకుంది.

పాప వచ్చింది. ఏడవలేదు. పలకను నా ముందు పెట్టి, "అమ్మా, నేను రాసింది యాడికి పోయింది?" అంది.

"గుడ్డ తగిలి చెరిగిపోయిందేమో."

"సెరిగిపోతే ఇది ఎట్లొచ్చింది?"

నేను అన్నం పెడతాను రమ్మన్నాను. అది నా ముఖంలోకి చాలాసేపు చూసి, చేతులు కడుక్కోవడానికి పోయింది. అప్పుడే దానికి అర్థమైందనుకుంటాను. మళ్లీ అడగలేదు.

మరుసటి రోజు బడికి పోయి చెప్పేద్దామని మంచి చీర కట్టుకున్నాను. వీధి మలుపు దాకా పోయి తిరిగొచ్చాను. బుధవారం కూడా అంతే. రాసింది నేనని చెప్పాలంటే ఏం తుడిచానో కూడా చెప్పాలి. గురువారం ఇల్లు దాటనే లేదు. సోమవారం నుంచి ఆ నాలుగు రోజులూ పాప కిటికీ పక్కన, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని అ ఆలు దిద్దింది. ఇంటికొచ్చి ఏం చేశావంటే, "రాసినా," అనేది.

శుక్రవారం సాయంత్రం అక్క గలీబు మడత పెడుతూ అంది. "ఏమ్మే, సదువుకున్నదానివి. నాకు అచ్చరం రాదు గానీ, పిల్ల అబద్దం ఆడేది కాదని నాకు తెలుసు. నీకు తెల్దా?"

శనివారం పోయాను. అయ్యవారిని వరండాలోకి పిలిచి చెప్పాను. ఆయన ముసలాయన. కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"ఒక్క అచ్చరం దిద్దింటే తల్లి పేమ అనుకుంటాను. బిడ్డ మాటనే తుడిసేస్తివి గదమ్మా," అన్నారు. "నేనూ తప్పు సేసినా. దాని ముకం సూసినా తెలుసుకోలేకపోతిని."

లోపలికి పోయి అందరూ వినేటట్టు, "పాపా, నువ్వు సెప్పింది నిజమే. లేసి నీ జాగాలో కూసో," అన్నారు.

నేను గుమ్మంలో ఉన్నాను. పాప నన్ను చూసింది. లేవలేదు.

"ఈడే ఉంటా ఐవోరూ," అంది. "ఈడ బాగుంది."

ఆయన రెండుసార్లు చెప్పాక లేచి గోడ పక్కకు వచ్చి కూర్చుంది. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నేను క్షమించమని అడిగాను. ఏడేళ్ల పిల్లను ఏ మాటలతో అడగాలో తెలియక, "ఇంకెప్పుడూ తుడవను," అన్నాను. "ఊఁ," అంది. చెయ్యి పట్టుకోనిచ్చింది. కానీ తను నా చెయ్యి పట్టుకోలేదు.

ఆ వారం పని, పండగ రోజు ఇంట్లో ఏం చేస్తారో రాయడం. ఆదివారం పాప పలక తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే రాయమ్మా. నేను సూసి నోటికి నేర్సుకుంటా. అప్పుడు రెండూ ఒగటే ఉంటాయి."

నేను రాయనన్నాను. నీకు ఏం రాయాలనిపిస్తే అది రాయి, నేను చూడను అన్నాను. గడప మీదికి పోయి రాసింది. ఈసారి నాలుక బయటికి రాలేదు. పలకను గుండెకు ఆనించుకోలేదు. రాయడం అయ్యాక తనే తెచ్చి నాకు చూపించింది. పండగ నాడు తలంటు పోసుకుంటాము. కొత్త బట్టలు కట్టుకుంటాము. మా అమ్మ బూరెలు చేస్తుంది. మేమంతా సంతోషంగా ఉంటాము.

"ఇట్లుంటే సాలా?" అని అడిగింది.

చాలన్నాను. గుడ్డ కట్టబోతే, "నేను కట్టుకుంటాలే," అంది.

ఇప్పుడు నాలుగో తరగతి. పలక పోయి నోటుపుస్తకాలు వచ్చాయి. ఇక్కడి టీచరు నా కూతురి వ్యాసాలు మిగతా పిల్లలకు చదివి వినిపిస్తుందట. మొన్న మా ఇంటి గురించి రాసిన పేజీ తెరిచి నా ముందు పెట్టి, తను ఆడుకోవడానికి పోయింది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. అందులో అమ్మ వంట చేస్తుంది, పుస్తకాలు చదువుతుంది, అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది. దిద్దడానికి ఏమీ లేదు.