నెయ్యి చూసినట్టు వైన్ చూసిన మా మామ

మా మామ, అంటే నా భర్త తండ్రి, మొన్న ఆదివారం మధ్యాహ్నం పోయారు. గిద్దలూరు ఫారెస్టు బంగళాలో బట్లరుగా చేసి, ఒళ్లు సహకరించక రెండేళ్లుగా ఇంటిపట్టునే ఉంటున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగంమంది గొంతు తగ్గించి ఒకటే అడిగారు, ఆయన నిజంగా తాగేవాడు కాదా అని. ఒకప్పుడు ఆ మాట ఆయన్ను మొహం మీదే అడిగినదాన్ని నేను. కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, బంగళాలో విందు జరిగినప్పుడల్లా ఆయన దగ్గర వైన్ వాసన వచ్చేది. మాది చర్చికి పోయే ఇల్లు. తాగుడుకి మొగుణ్ణి పోగొట్టుకున్న తల్లికి, చుక్క కూడా నాలుక మీద పెట్టనని మామ చిన్నతనంలోనే మాట ఇచ్చారట. ఆ మాట తప్పారేమోనని నా అనుమానం. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

“మామా, ఆ వాసన ఏంది?”

ఆయన కోప్పడలేదు. ఎడమచెయ్యి చాపి, “నోరు కాదమ్మా, ఇది చూడు” అన్నారు.

సంతలో నెయ్యి కొనేవాళ్లు చేతి వెనక కాస్త రాసి, రుద్ది, వాసన చూస్తారు కదా. మామ దొరల వైన్‌నూ అట్లాగే చూసేవారు. ఇంట్లో మజ్జిగైనా, కొత్తగా ఆడించిన నూనైనా ఆ చేతి వెనక పరీక్ష దాటాల్సిందే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనంటే నాకు ప్రేమ మొదలైందీ ఆ రోజే.

ఒక వేసవిలో పైఅధికారి వస్తున్నాడని బంగళాలో ఉండే ఫారెస్టు దొర మద్రాసు నుంచి మూడు ఖరీదైన సీసాలు రైల్లో తెప్పించాడు. విందు రోజు ఆ అతిథితో అడవికి వెళ్లాడు, తిరిగి నేరుగా భోజనానికే వస్తాడు. మామ బిరడా తీసి చేతికి రాసుకుంటే పులిసిన గంజి కంపు. మూడూ అంతే. ఏ స్టేషనులో ఎండకి పడి ఉన్నాయో! ఇక మిగిలినవి దొర రోజూ తాగే చవక సీసాలు. సిరా అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైన్, ఆ ఖరీదైన వాటి ధరలో సగం కూడా ఉండదు.

“దీన్ని ఆ పెద్ద సీసాల్లో పోసి పెట్టన్నా, ఎవడికి తెలుస్తాది?” అన్నాడట వంటాయన.

“నా చేతికి తెలిసిపోయినాది కదరా” అన్నారట మామ.

చవక సీసానే, చీటీ కనబడేట్టు, బల్ల మీద పెట్టారు. దొర మొహం మాడిపోయింది. అతిథి ముందు పరువు పోతే మర్నాడు ఉద్యోగం ఉండదు. దాని మీద ఏడుగురం బతుకుతున్నాం.

“దొరా, ఖరీదువి చెడిపోయినాయి. ఇది మంచిది. మిరియం వాసన ఉంది, వెనక నేరేడుపండు ఉంది” అన్నారు మామ.

అతిథి ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. ఇంత తక్కువ ధరకి ఇంత మంచిది ఏ దుకాణంలో దొరుకుతుందో రాసిమ్మన్నాడు. తర్వాత బదిలీ మీద పోతూ దొర ఆ చవక రకం సీసా ఒకటి మామకే బహుమానం ఇచ్చాడు, తాగని మనిషికి. అది పెట్టెలో బట్టల మధ్య ఉండిపోయింది.

పోవడానికి వారం ముందు మామ నాచేత ఆ సీసా తెప్పించారు.

“అమ్మా, ఒకటి మనసులో ఉండిపోయినాది. అంతమందికి మంచిదని చెప్పినాను, నాకేమో రుచి తెలీదు. అబద్ధం చెప్పినానేమో.”

“కాస్త నాలుక మీద వేసుకో మామా. ఇప్పుడెవరు అడుగుతారు?”

“మా అమ్మ అడుగుతాది.”

నేనెవరికీ ఏ మాటా ఇవ్వలేదు. చిన్న గ్లాసులో కొంచెం పోసుకున్నాను. ఆయన రెప్ప వేయకుండా నా మొహమే చూస్తున్నారు. ముందు పులుపు, తర్వాత నాలుకను పట్టేసే వగరు. మింగాక, కాసేపటికి, గొంతులో సన్నటి ఘాటు.

“మిరియం ఉంది మామా. చివర్లో వస్తాంది.”

“నేరేడు?”

“అదీ ఉంది.”

“అయితే సరే” అని ఊపిరి వదిలి, ఎడమచెయ్యి చాపారు. చేతి వెనక ఒక చుక్క వేసి రుద్దాను. ఆ చెయ్యి ముక్కు దగ్గరే పెట్టుకుని నిద్రపోయారు.