ఒరిగించిన పీట

డెబ్బైల్లో గాజువాకలో, మా ఇంట్లో గోడలకి క్యాలెండర్లు వేలాడితే, పక్కవాటా పిన్ని ఇంట్లో ఆఫ్రికా గడ్డిబుట్టలూ చెక్కముఖాలూ ఉండేవి. ఓడలో పనిచేసే బాబాయి తెచ్చేవాడు. ఆమె వాటిని ఊరికే తగిలించేది కాదు.

"సేసినోళ్ళు ఇంట్లో ఏ మూల పెడతారో అడిగినావేటి బావా?" అని నిలదీసి, అక్కడే పెట్టేది.

ఘానా నుంచి వచ్చిన చెక్కపీటకి ఓ పద్ధతి ఉంది. కూర్చునే మనిషి ఇంట్లో లేనప్పుడు దాన్ని పక్కకి ఒరిగించి ఉంచాలట, లేకపోతే ఏదో గాలి వచ్చి కూర్చుంటుందట. బాబాయి ఓడెక్కగానే పిన్ని పీటను ఒరిగించేది. తిరిగొచ్చిన రోజే నిలబెట్టేది. వీధిలోంచి పీట చూసి ఆయన ఉన్నాడో లేడో చెప్పేసేవాళ్ళం.

ఒక ఏడాది ఆయన ఉత్తరాలు ఆగిపోయాయి. నెలలు గడిచాయి. పిన్ని పెరట్లో బట్టలు ఉతుకుతోందని ఓ మధ్యాహ్నం నేనే ముందుగది ఊడ్చాను. పరధ్యానంలో పీటను నిలబెట్టేశాను.

లోపలికి వచ్చిన పిన్ని పీటను చూసింది. పక్కనే ఉన్న నన్ను చూడలేదు. తడిచేతులతో జుట్టు సర్దుకుని, పడకగది వైపు తిరిగి, "ఎప్పుడొచ్చీసావు బావా?" అంది.

లోపల ఎవరూ లేరు. పీటను మెల్లిగా మళ్ళీ ఒరిగించాను.