టైలు పగలనివ్వలేదు

మాది మందస దగ్గర పల్లె. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తాను. మా అత్తకి మోకాళ్ళ నొప్పులని కిందటేడు కొత్త కమోడ్ పెట్టించాం. మర్నాటికే కింద నీరు! బిగించిన మేస్త్రీయే వచ్చి, "టైల్స్ పగలగొట్టాల" అన్నాడు.

"ఫ్లష్ ట్యాంకు గొట్టం తడిగుంది. ముందు అదిప్పి సూడు మేస్త్రీ" అన్నాను.

మా ఆయన నవ్వాడు. "జీడిపప్పు పొట్టు తీసినట్టనుకున్నావేటి?"

ఒళ్ళు మండి, మేస్త్రీ చేతిలో పానా లాక్కుని గొట్టం నట్టు తిప్పేశాను. నీళ్ళ వాల్వు కట్టేయడం మరిచాను! నీళ్ళు ఎగజిమ్మి ముగ్గురం తడిసి ముద్దయ్యాం. గోలకి వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు ఒకటే నవ్వు. సిగ్గేసింది గానీ పానా వదల్లేదు. వాల్వు కట్టేసి చూస్తే, గొట్టంలో వాషరు మడతపడి ఉంది. సరిచేసి బిగించాను. మళ్ళీ చుక్క కారలేదు.

పదేళ్ళుగా పప్పు ముక్క అవకుండా పొట్టు తీస్తున్న చేతులివి. పగలగొట్టడం ఎవడికైనా వచ్చు.