జవాబు రాలేదని చెప్పాను

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండే మాటలు. జవాబు రాలేదు. అంతే. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి. ముందు మీకు రాస్తే చేయి అలవాటవుతుందని ఒక ఆశ.

మాది వనపర్తి. కంప్యూటర్ పని. పగలంతా కంపెనీ పని ఇంటి నుంచే చేస్తాను. అది కాక ఇంకోటి ఉంది. జీతం లేని పని, కానీ నా పరువంతా దాంట్లోనే ఉంది. దేశదేశాల వాళ్లం కొందరం కలిసి ఒక పనిముట్టు తయారు చేస్తున్నాం. ఒక సాఫ్ట్‌వేర్‌ను, అది నడవడానికి కావలసిన సరంజామా మొత్తంతో సహా, ఒకే డబ్బాలో సర్దిపెడుతుంది. టిఫిన్ డబ్బా అనుకోండి, ఎక్కడ మూత తీసినా అదే భోజనం. దీన్నే కంటెయినర్ అంటారు. ఇది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దాని బాగోగులు చూసే మెయింటెయినర్లం తొమ్మిది మందిమి. ఏడాదికోసారి కూర్చుని, వచ్చే ఏడాది ఏమేం చేయాలో రోడ్‌మ్యాప్ రాస్తాం. ఎవరి ప్రతిపాదన అందులోకి ఎక్కితే వాళ్లనే ఆ పనికి పెద్దను చేసి, బయటివాళ్లైతే మా జాబితాలో పేరు కూడా చేరుస్తాం.

ఆ తొమ్మిది మందిలో ఈ దిక్కువాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతిని ఎంత వాడుకున్నానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ప్రతి మీటింగులో "మాది వెనకబడ్డ ప్రాంతం, కరెంటు పోతుంది, నెట్ పోతుంది" అనేవాణ్ని. పాపం వాళ్లు గౌరవంగా వినేవాళ్లు. నిజానికి మా ఇంటికి ఫైబర్ వచ్చి చాలా కాలమైంది. ఇన్వర్టర్ కూడా ఉంది.

అప్పుడొచ్చింది మల్లిక. అసలు పేరు అది కాదు. సొంతూరు అడవి అంచున ఉన్న మన్ననూర్. తండ్రి అడవిలో వాచర్ పని చేసేవాడు. ఆమె నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడు మా పనిముట్టులో చిన్న చిన్న తప్పులు సరిచేసి పంపేది. ఒకసారి ఊళ్లో బడి కంప్యూటర్లలో దీన్ని ఎక్కించబోయిందట. డబ్బా సగం దిగాక నెట్ పోయింది. మళ్లీ మొదటి నుంచి దిగింది, మళ్లీ పోయింది. అట్లా రెండు రోజులు కూర్చుని, మూడో రోజు కలం తీసుకుంది. డబ్బాను చిన్న ముక్కలుగా దించుకోవాలి, దిగిన ముక్క దిగినట్టే ఉండాలి, మిగిలిన ముక్కలను నెట్ ఉన్న చోట పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సులో తెచ్చుకున్నా అతకాలి. ఇదీ ఆమె ప్రతిపాదన. పదకొండు పేజీలు. రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు దొరకలేదు. తప్పు కోసమే చదివాను.

కడుపు మండింది. దానికి ఇంకో మాట లేదు.

ఆ ఏడాది నా ప్రతిపాదన కూడా ఒకటుంది. తెర మీద రంగులు కాస్త బాగుండాలనో ఏదో. మెచ్చినవాళ్లు బొటనవేలు గుర్తు పెడతారు కదా, నాదానికి నాలుగు వేళ్లు. ఆమెదానికి రోజూ పెరుగుతున్నాయి. పొద్దున చాయ్ తాగుతూ మొదట చూసేది అదే, ఇవాళ ఎన్ని అని. మీటింగులో ఒక పెద్దాయన, "మీ ప్రాంతం అమ్మాయే కదా, మీకెంత గర్వంగా ఉండాలి!" అన్నాడు. నవ్వాను. గర్వమా? ఆరేళ్లుగా నేను చెప్పుకుంటూ వచ్చిన కష్టాన్ని ఆమె నిజంగా పడింది, పడి ఊరుకోకుండా దానికి మందు కనిపెట్టింది, నేనేమో ఫైబర్ నెట్ మీద కూర్చుని ఆ కష్టం గురించి ఉపన్యాసాలిచ్చాను, ఇప్పుడు అందరికీ ఆ తేడా తెలిసిపోతుందని ఒళ్లంతా మంట. సాటి మనిషి ఇబ్బందిని చూసి కూడా అసూయ పడేవాణ్ని ఏమంటారు? ఏమంటారో తెలియదు గానీ, వాణ్ని నేనే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతిపాదన మీద మెయింటెయినర్ ఎవరైనా ప్రశ్న అడిగి "జవాబు కావాలి" అని లేబుల్ తగిలిస్తే, రాసినవాళ్లు ఇరవై ఒక్క రోజుల్లో బదులివ్వాలి. ఇవ్వకపోతే బాట్, అంటే దానంతట అది నడిచే చిన్న ప్రోగ్రాం, ఆ ప్రతిపాదనను మూసేస్తుంది. మూసినదాన్ని రోడ్‌మ్యాప్ మీటింగులో ముట్టుకోం. ఎవరో రాసి వదిలేసిపోయినవి పేరుకుపోకుండా ఆ బాట్‌ను పెట్టాం. పెట్టింది నేనే.

ఆ ఎండాకాలం మల్లిక మా గ్రూపులో రాసింది, నాన్నకు ఒంట్లో బాగాలేదు, నెల రోజులు ఊళ్లో ఉంటాను, అక్కడ నెట్ దొరకదు అని. అందరూ జాగ్రత్త అన్నారు. నేనూ అన్నాను. చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. మూడో రోజు ఆమె ప్రతిపాదన కింద ఒక ప్రశ్న అడిగాను. దారిలో ఒక ముక్క పాడైతే ఎలా కనిపెడతారు అని. దానికి జవాబు ఆమె నాలుగో పేజీలోనే ఉంది. నాకు తెలుసు. అయినా అడిగి, లేబుల్ తగిలించాను.

మిగతా ఎనిమిది మందికి మన్ననూర్ అంటే ఏమిటో తెలియదు. నెట్ దొరకదంటే కాస్త నెమ్మదిగా ఉంటుందేమో అనుకుని ఉంటారు. దొరకదంటే దొరకదే అని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. రూలు అందరికీ ఒకటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అబ్బో, న్యాయం చెప్పేటప్పుడు నా గొంతు ఎంత బాగుంటుందో!

లేబుల్ తగిలించిన పద్దెనిమిదో రోజు ఫోనొచ్చింది.

"అన్నా, నేను మల్లికను. ఊర్లె టవర్ పన్జేస్తలేదు. మెయిన్ రోడ్డు మీదికొచ్చి చేస్తున్న."

"ఆఁ చెల్లె, చెప్పు. నాయినకెట్లుంది?"

"గట్లనే ఉంది. రేపు అచ్చంపేట దవాఖానకు తీస్కపోవాలె. నువ్వడిగింది ఇప్పుడే చూసిన. నాలుగో పేజీల రాసిన గదన్నా, చూడలేదా?"

తెర మీద ఆ నాలుగో పేజీ తెరిచాను.

"సరే గని, ఫోన్ల నుంచి జవాబు పంపుతుంటే పోతలేదు. ఊకె గుండ్రంగ తిరుగుతనే ఉంది. జర ఆ లేబుల్ తీసెయ్యవా? లేకుంటే బాట్ మూసేస్తది."

"గంతే గద. తీసేస్త తియ్. నువ్వేం పరేషాన్ గాకు."

"మర్చిపోవు గద?"

"ఏంది చెల్లె, నేను లేనా?"

"మనోనివి గదా, గందుకే నీకే చేసిన," అంది. నవ్వుతూ పెట్టేసింది.

మర్చిపోలేదు. అదే కదా బాధ. మర్చిపోయి ఉంటే ఇవాళ మీకు రాసే పనే ఉండేది కాదు. ఆ లేబుల్ తీయడానికి ఒక్కసారి నొక్కితే చాలు. ఆ మూడు రోజులూ ఆ పేజీ తెరిచేవాణ్ని, చూసేవాణ్ని, మూసేవాణ్ని. చెడ్డపని చేస్తున్నట్టు కూడా అనిపించలేదు. నేనేం చేయడం లేదు కదా. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం బాట్ తన పని తాను చేసింది. ఆ రోజు ఇంటికి మిఠాయి తెచ్చాను. ఏమిటి విశేషం అని మా ఆవిడ అడిగితే, ఏం లేదు, తినాలనిపించింది అన్నాను.

రెండు రోజులకు మీటింగు. ఆ పెద్దాయనే అడిగాడు, మల్లిక ప్రతిపాదన ఏమైందని. జవాబు రాలేదు అన్నాను. అయ్యో అని తరవాతి అంశానికి వెళ్లిపోయారు. నా రంగులు రోడ్‌మ్యాప్‌కెక్కాయి.

ఊరి నుంచి తిరిగొచ్చాక మల్లిక అడిగింది. లేబుల్ తీసేశాననీ, మిగతావాళ్లు రాతలోనే జవాబు కావాలని పట్టుబట్టి మూయించారనీ రాశాను. నమ్మింది. ఆ పేజీ తెరిచి చూస్తే లేబుల్ అక్కడే వేలాడుతూ కనిపించేది. చూడలేదు. మనోడి మాట కదా. ఆ తరవాత మాకు ఏమీ పంపడం మానేసింది.

మరుసటి ఏడాది ఆ పదకొండు పేజీలనే తిప్పి రాసి నా పేరు మీద పెట్టాను. ఆమె ముక్కలు అంటే నేను భాగాలు అన్నాను. ఆమె బస్సు అంటే నేను ప్రయాణం అన్నాను. ఒకరిద్దరు గుర్తుపట్టారు కూడా. ఆవిడ వదిలేసింది కదా, ఎవరో ఒకరు చేయడం మంచిదే అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నప్పుడల్లా ఆ మెప్పు మింగేవాణ్ని.

పోయిన చలికాలం గద్వాలలో ఒక కాలేజీవాళ్లు దాని గురించే మాట్లాడమని పిలిచారు. హాల్లో మూడో వరసలో మల్లిక. ఇప్పుడు పాఠాలు చెబుతోందట, తన విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చింది. అయిపోయాక తనే దగ్గరికొచ్చింది. "మంచిగ చెప్పినవ్ అన్నా. నాదే తప్పు. ఆ నెల నేనే ఎట్లనన్న తిప్పలు వడి జవాబు పంపాల్సుండె," అంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉంటుందా? అయినా తలూపి ఊరుకున్నాను. ఇంకో సంగతి కూడా దాచను. పిల్లలు మేడమ్, మేడమ్ అంటూ ఆమె చుట్టూ మూగుతుంటే, ఆమె దగ్గర అంతా దోచుకున్నవాణ్ని, అప్పుడు కూడా ఓర్వలేకపోయాను. నా చుట్టూ ఎవరూ లేరు.

ఈ వారం కొత్త రోడ్‌మ్యాప్ రాస్తున్నాం. ముక్కల పనిని ఇంకా పెద్దది చేయాలన్నది మొదటి అంశం. ఈ ఆలోచన మీకెలా తట్టిందో నాలుగు మాటలు రాసివ్వండి అని నన్నడిగారు. మూడు రోజులుగా ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నాను.

ఇంతవరకు మీకు రాసి, ఆపి, ఆమె పాత పేజీ తెరిచాను. లేబుల్ ఇంకా అట్లాగే ఉంది. తీసేశాను. కింద రాశాను: "దీనికి జవాబు వచ్చింది. గడువుకు మూడు రోజుల ముందు, ఫోన్లో, నాకే వచ్చింది. రాలేదని మీ అందరికీ అబద్ధం చెప్పాను. నా పేరు మీద ఉన్న ముక్కల పని మొత్తం ఈమెది." క్షమించమని రాయలేదు. అది మళ్లీ ఆమెనే ఏదో అడగడం అవుతుంది. ఆమె చూస్తుందో లేదో, చూస్తే ఏమంటుందో తెలియదు. జాబితాలో నా పేరు ఉండదు, అది మాత్రం తెలుసు. ఛాతీ మీద బరువు కాస్త తగ్గింది. తగ్గడం కూడా నాకు తగదేమో.

పంపమని నొక్కి, తెర వైపే చూశాను. గుండ్రంగా తిరుగుతుందేమో అనుకున్నాను. తిరగలేదు. మా ఇంట్లో నెట్ బాగుంటుంది. రాసింది వెంటనే వెళ్లింది.